రంగు తిరగని కాయలు

“చెప్పొద్దంటున్న గద పెద్దమ్మా! ఎవ్వలడిగిన్రు నిన్ను?”

“ఎవరూ అడక్కపోతే తప్పు ఒప్పయిపోద్దా?”

“రేపు పదింటికి మీటింగు. నా ఫెర్ట్రాగ్ పొడిగిస్తరా లేదా ఆడనే తేలుతది. గిప్పుడొచ్చి కాయలు కలిపిన అంటవా? ఆ మాటేదో ఎండకాలమే ఎందుకు చెప్పకపోతివి?”

“అది తప్పని అప్పుడు తెలిస్తే చేసేదాన్నా? ఇయ్యాల మధ్యాహ్నం నువ్వు చెబితేనే కదే నాకు తెలిసింది.”

“తెలిసింది గద, నీ కడుపుల వెట్టుకో. ఎర్ర సంచుల లెక్క మొత్తం తీసేస్త. కొలిచే మిషిన్ ఖరాబైందని చెప్త.”

“మిషన్ మీద పెడతావా? దానికి నోరు లేదనా?”

“నువ్వు గ్లాసులు కడిగేదానివి. నీకేం పోతది?” అంది ఆ పిల్ల. అని, తన మాట తన చెవిన పడ్డట్టు ఆగిపోయింది.

మేం వాదులాడుకుంటున్నది జర్మనీలో ఒక పరిశోధనశాల కింది అంతస్తున, గాజుసామాను కడిగే గదిలో. నవంబరు నెల. సాయంత్రం నాలుగున్నరకే కిటికీ నల్లబడింది. గ్లాసులు కడిగే మిషన్ ఆఖరి విడత తిప్పుతోంది. ఆ పిల్ల వరంగల్ దిక్కు నుంచి వచ్చి అడవికాయల మీద డాక్టరేటు చేస్తోంది. ‘ఫెర్ట్రాగ్’ అంటే ఆమె ఉద్యోగపు ఒప్పందం, మార్చితో అయిపోతుంది. అది అయిపోతే వీసా కూడా దాని వెనకే పోతుంది. ఆమె అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. నాకు పోయేది తక్కువే. ఆమెకు పోయేది మూడేళ్ల పని.

పేర్లు రాయను. అందరూ ఇంకా ఎక్కడో ఒకచోట పనులు చేసుకుంటూనే ఉన్నారు. ఊరి పేరు కూడా వద్దు. తూరింగెన్ అడవి అంచున, కొండ దిగగానే ఒక యూనివర్సిటీ, రెండు సూపర్‌మార్కెట్లు, ఒక బస్టాండు ఉండే ఊరు అనుకోండి చాలు. కొత్తగా పనిలో చేరిన పిల్లలు మా ఇంటికి వచ్చినప్పుడు ‘మీ అనుభవం చెప్పండి’ అంటుంటారు. అనుభవమంటే మంచివే చెబుతారనుకుంటారు కాబోలు. పదకొండేళ్లు కడిగిన గ్లాసుల్లో నాకు ఒక్కటీ గుర్తులేదు. చెడగొట్టింది మాత్రం వివరంగా గుర్తుంది. అందుకని అదే రాస్తున్నాను.

నేను నాలుగో తరగతిలో బడి మానేశాను. ఆ తరవాత చదివింది మిరపకాయల చదువు. గుంటూరు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో చాలా ఏళ్లు పనిచేశాను. ముచ్చికలు తీయడం, తాలుకాయ ఏరడం, టిక్కీలు కుట్టడం. టిక్కీ అంటే మా వైపు మిరప బస్తా. రాశి ముందు కూర్చుంటే కళ్లతో పనిలేదు, వేళ్లే చెబుతాయి ఏది గట్టిదో, ఏది తాలో, ఏది లోపల బూజు పట్టిందో. మా ఆయన వంటవాడు. ఇక్కడొక ఇండియన్ రెస్టారెంటులో వంటకని ఆయన ముందొచ్చాడు, వెనక నేను వచ్చాను. ఆయన మోకాళ్లు అరిగాక నేను పనిలోకి దిగాను. జర్మన్ రాదు, చదువు లేదు. గాజు పగలగొట్టకుండా పట్టుకోగలను అని మాత్రం చెప్పాను. అది చాలన్నారు.

కడిగే పని గురించి ఒక్క ముక్కే చెబుతాను. శుభ్రపడ్డ గ్లాసు మీద నీళ్లు చుక్కలుగా నిలబడవు, పలచని పొరలా జారిపోతాయి. చుక్క నిలిచిందంటే అక్కడ ఇంకా ఏదో ఉన్నట్టే. మళ్లీ కడగాలి. ఇంతకు మించి ఆ గదిలో నేర్చుకోవలసింది లేదు. ఇది నేర్చుకోవడానికి మాత్రం నాకు రెండు నెలలు పట్టింది.

ఆ గదిలో నాతోపాటు ఒక జర్మన్ ఆవిడ ఉండేది. నాకంటే నాలుగేళ్లు పెద్ద, ఆ ఊళ్లోనే పుట్టిపెరిగిన మనిషి. ఆవిడ నిదానంగా అనే మాటలు నాకు అర్థమయ్యేవి, తిరిగి రెండు మూడు ముక్కలతో, సైగలతో చెప్పేదాన్ని. ఒకసారి వాడి పారేయవలసిన ప్లాస్టిక్ గొట్టాల్ని నేను కడిగి, తువ్వాలు మీద వరసగా బోర్లించడం చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

“ఏంటిది?” అంది.

“బాగున్నాయి కదా, ఇంకోసారి పనికొస్తాయి.”

“ఈ మనిషి మంచుని కూడా కడిగి, ఆరేసి, వచ్చే చలికాలానికి దాస్తుంది,” అని నడవాలో పోయేవాళ్లందరినీ పిలిచి చెప్పింది. ఆ తరవాత మంచు పడ్డ ప్రతిసారీ కిటికీ దగ్గరికి వెళ్లి “నీ సామాను వచ్చింది” అనేది. నేను నవ్వేదాన్ని కాదు. ఒక వస్తువు పనికొస్తుండగా చెత్తలో వేయడం నా చేతికి రాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, జరిగిందంతా దీని వల్లే జరిగింది.

ఆ పిల్లతో పరిచయం తిట్లతో మొదలైంది. ఒకరోజు మిషన్ తలుపు ఇరుక్కుపోతే దాన్ని తెలుగులో నానా మాటలూ అంటున్నాను. గుమ్మం దగ్గర కిసుక్కున నవ్వు వినబడింది. తిరిగి చూస్తే తెల్ల కోటు వేసుకున్న సన్నటి పిల్ల. “పెద్దమ్మా, ఇంక రెండు తిట్టు, తెరుసుకుంటది,” అంది. ఆనాటి నుంచి మధ్యాహ్నం అన్నం నా గదిలోనే తినేది.

ఆమె పని ఆ అడవిలో దొరికే హైడెల్‌బేరె కాయల మీద. గురిగింజ కంటే కొంచెం పెద్దవి, పండితే నేరేడుపండు రంగు, తింటే నాలుకంతా నీలం. చెట్టు మోకాలి ఎత్తే ఉంటుంది. నడుం వంచి ఒక్కొక్కటే కోయాలి. అటవీశాఖ అనుమతి కాగితం జేబులో పెట్టుకుని ఆ పిల్ల పొద్దున్నే కొండెక్కి, పచ్చివీ ఎర్రవీ పండువీ కలగలుపుగా కోసుకుని, ఐసు డబ్బాలో దించేది. కిందికి తెచ్చాక పచ్చి ఒక పక్క, ఎరుపు ఒక పక్క, పండు ఒక పక్క ఏరి, సంచుల్లో కట్టి, వెంటనే గడ్డకట్టించాలి. అది ఆమే చేయాలి. సంచులతోపాటు ఉండే కాగితం మీద ‘ఏరినవారు’ అన్న గడిలో ఆమె సంతకం ఉండాలి.

మొదటి రెండు వారాలు ఆమే చేసింది. జూలై సగానికి, అంటే అక్కడి ఎండాకాలం నడిమికి, వచ్చేసరికి కొండెక్కలేక, ఏరలేక, మధ్యలో విద్యార్థులకు పాఠాలు చెప్పలేక సోలిపోయేది. ఒకరోజు ఏరుతూ ఏరుతూ నిద్రపోయింది, నుదురు ఐసు పళ్లెం మీద ఆనింది. నేను పక్కన కూర్చుని మిగతావి ఏరేశాను. కళ్లు తెరిచి చూసుకుని, ఒక్కో కాయా తిప్పి చూసింది. ఒక్కటీ తప్పులేదు.

“పెద్దమ్మా, గిది నాకంటే నువ్వే మంచిగ ఏరినవ్!”

“నువ్వు నిద్రలో ఏరావు, నేను మెలకువలో ఏరాను.”

ఆనాటి నుంచి కోయడం ఆమెది, ఏరడం నాది, సంతకం ఆమెది. ఆమె పని చూసే ప్రొఫెసరమ్మకి ఈ సంగతి తెలియదు. దాచాలని దాచలేదు. చెప్పవలసినంత పెద్ద సంగతని మా ఇద్దరికీ తోచలేదు.

ఆమె చెప్పిన కట్టుబాటు ఒక్కటే. “డౌటు కొడితే పారెయ్ పెద్దమ్మా. పచ్చా, ఎరుపా అని రెండుసార్లు సూడాల్సొచ్చిన కాయ మనకొద్దు.”

అట్లాంటివి రోజూ దోసెడు మిగిలేవి. పచ్చటి కాయ మీద ఒక పక్కన ఎరుపు జీర. ఆ దోసెడు కోయడానికి ఆ పిల్ల ఎంతసేపు వంగిందో నాకు తెలుసు. సాయంత్రం బస్సు మెట్లు ఎక్కేటప్పుడు ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకోవడం రోజూ చూస్తున్నదాన్ని. మరోపక్క ఎర్ర సంచులు ఎప్పుడూ వెలితిగానే ఉండేవి. పచ్చివి దొరికేవి, పండువి దొరికేవి, నడిమి రంగువే తక్కువ. తూకం చాలక ఆమె మర్నాడు మళ్లీ కొండెక్కేది.

మా కల్లాల్లో మిరపకాయ కోసినప్పుడు కూడా ఇంతే. అన్నీ ఒక్కసారి రంగు తిరగవు. అంతమాత్రాన ఎవరూ పారేయరు. రాశి పోసి, పైన పట్టా కప్పి, రెండు మూడు రోజులు మగ్గబెడతారు. రాశిలో వేడి పుడుతుంది, వెనకబడ్డ కాయ కూడా ఎర్రబడుతుంది. చిన్నప్పటి నుంచీ చూసిన పని అది. నేను ఆలోచించి చేశానని కూడా చెప్పలేను. ఒక సాయంత్రం ఆ దోసెడు కాయల్ని చెత్తడబ్బా దాకా తీసుకెళ్లి, వెనక్కి తెచ్చి, పళ్లెంలో పోసి, తడిగుడ్డ కప్పి, గ్లాసులు ఆరబెట్టే అలమర పక్కన వెచ్చగా పెట్టాను. రెండో రోజుకి చాలావరకు ఎర్రబడ్డాయి. ఎర్ర సంచిలో కలిపాను. తూకం సరిపోయింది.

జర్మన్ ఆవిడ చూసింది. గుడ్డ ఎత్తి, “ఇవేంటి ఇక్కడ?” అంది.

“పండుతున్నాయి.”

“చెట్టు లేకుండానా?”

“మా ఊళ్లో పండుతాయి.”

ఆవిడ భుజాలు ఎగరేసి గుడ్డ మళ్లీ కప్పింది. ఆవిడ చిన్నప్పుడు ఆ అడవిలో బకెట్లకొద్దీ కోసిన మనిషి. ఇంకొక్క ప్రశ్న అడిగుంటే బాగుండేది. నేను ఇంకొకరి మీదకి తోస్తున్నానని అనుకోకండి. ఆవిడ అడక్కపోయినా, ఆ పిల్ల అడిగింది.

ఆగస్టులో ఒకరోజు సంచులు తూచుకుంటూ మురిసిపోయింది. “ఎర్రయి గిన్ని ఎట్ల దొరికినయ్ పెద్దమ్మా? నేనేరినప్పుడు సగం గూడ రాలే!”

“ఏరడం తెలిస్తే దొరుకుతాయి,” అన్నాను.

గర్వంతో అన్నాను. ఆ మాట ఈనాటికీ నా నోట్లో వగరుగానే ఉంది.

సెప్టెంబరు దాకా అంతా బాగానే ఉంది. ఆ తరవాత ఆమె సంచులు ఒక్కోటీ తీసి, అందులోంచి కాసిని కాయల్ని పొడిచేసి, రసం తీసి కొలవడం మొదలుపెట్టింది. పై అంతస్తులో ఏం జరుగుతోందో గ్లాసులు కడిగేవాళ్లకి గ్లాసులే చెబుతాయి. పచ్చికాయ గ్లాసులు ఒకసారి వచ్చాయి, అయిపోయాయి. పండు గ్లాసులు ఊదారంగు మరకలతో ఒకసారి వచ్చాయి, అయిపోయాయి. ఎర్రకాయ గ్లాసులు మాత్రం వస్తూనే ఉన్నాయి. కడిగి పంపితే మర్నాడు మళ్లీ అవే. ఆరు వారాలు. ఆ పిల్ల అన్నం సగం తిని డబ్బా మూసేసేది. ఒకనాడు రసం పీల్చి కొలిచే గాజు పిపెట్టు తెచ్చి, “దీన్ల ఏమన్న మిగిలిందా పెద్దమ్మా, సరిగ కడిగినవా?” అని అడిగింది. నాకు కోపమొచ్చింది. వెలుతురుకి ఎత్తి, నీళ్లు పోసి, పొరలా జారడం చూపించాను. “గ్లాసులో ఏం లేదు. నీ చేతిలో చూసుకో,” అన్నాను.

చూసుకుంది. అప్పటి నుంచీ తన చేతినే అనుమానించింది. కుడిచేయి మణికట్టుకి పట్టీ కట్టుకుంది. రసంలో కలిపే కొత్త మందు తెప్పించింది, కొలిచే మిషన్ బాగుచేసేవాణ్ణి ఫలానా రోజుకి రమ్మని టెర్మిన్ పెట్టించింది. అతను వచ్చి చూసి మిషన్ బ్రహ్మాండంగా ఉందని చెప్పి పోయాడు.

నేను మొదట చెప్పిన ఆ నవంబరు రోజు మధ్యాహ్నం, డబ్బా తెరవకుండా ముందు పెట్టుకుని కూర్చుంది. మీటింగు మర్నాడే.

“అసలేందే నువ్వు కొలిచేది? తెలిసేట్టు చెప్పు,” అన్నాను. అన్ని నెలలు ఆ కాయలు ముట్టుకుని, నేను ఆ మాట అడగడం అదే మొదటిసారి.

“ఇనుముకు తుప్పు వడ్తది గద పెద్దమ్మా? కాయకు సుత ఎండతోని, గాలితోని లోపట గసొంటిదే నడుస్తది. అది వట్టకుంట కావలి కాసే సరుకును కాయనే తయారు చేసుకుంటది. దాన్నే యాంటీఆక్సిడెంట్ అంటరు.”

“పండులో ఎక్కువుంటదా?”

“అందరు గట్లనే అనుకుంటరు. పచ్చికాయల గూడ మస్తుంటది. కొరికితే వగరు తగుల్తది సూడు, ఆ వగరే కావలి. కాయ ముదిరినకొద్ది వగరు దిగిపోతది, రంగు ఎక్కుతది. రంగు గూడ కావలోడే. కాని ఒకడు దిగిపోయిండు, ఇంకొకడు పూరాగ ఎక్కలే, ఆ నడుమ ఉన్నది ఎర్రకాయ.”

“షిఫ్టు మారే టైమన్నమాట.”

“గదే!” అంది, చాలా రోజులకి కళ్లు మెరిసి. “నా మూడేండ్ల పని ఆ షిఫ్టు మారే టైమే. ఎర్ర సంచిల కావలి తక్కువుండాలె. కొన్ని సంచులల్ల తక్కువే వస్తుంది. కొన్నిట్లనేమో పైకి ఎరుపే గాని, లోపట పచ్చికాయ లెక్క వగరు గట్టిగున్నది. చెట్టు మీద ఎర్రబడ్డ కాయల గట్లుండొద్దు. ఎందుకొస్తుందో సమజైతలేదు. నా చెయ్యే ఖరాబైందో ఏమో.”

మెరిసిన కళ్లు మళ్లీ ఆరిపోయాయి. లేచి పైకెళ్లింది.

నేను మిషన్ ముందు నిలబడ్డాను. గ్లాసులు పెట్టడం మరిచిపోయి ఖాళీ మిషన్ తిప్పాను. చెట్టు మీద కాయ ఎర్రబడితే లోపలి వగరు దిగుతుంది. పళ్లెంలో, తడిగుడ్డ కింద ఎర్రబడితే పైన మాత్రమే రంగు తిరుగుతుంది, లోపలిది లోపలే ఉంటుంది. ఇది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మగ్గబెట్టిన మిరపకాయ రంగు చూసి కొన్నవాడు, ఇంటికెళ్లి నలిపి ‘పైన రంగే, లోపల సరుకు లేదు’ అనడం చిన్నప్పటి నుంచి విన్నదాన్ని. ఆరు వారాలుగా ఆ గ్లాసులు నా చేతి మీదుగానే పోతున్నాయి. నాకు తట్టలేదు.

సాయంత్రం ఆమె ఆఖరి గ్లాసుల పళ్లెం తెచ్చినప్పుడు చెప్పేశాను. దోసెడు కాయలు, పళ్లెం, గుడ్డ, అలమర, అన్నీ. చెబుతున్నంతసేపూ పళ్లెం చేతుల్లోనే పట్టుకుని నిలబడింది. ఆ తరవాత జరిగిన వాదన మీరు మొదట్లోనే చదివారు.

“నీకేం పోతది” అని ఆగిపోయిన తరవాత, తల దించుకుని, “తప్పైంది పెద్దమ్మా, నోరు జారింది,” అంది.

“నిజమే అన్నావులే. నాకు పోయేదేం లేదు. తీసేస్తే ఇంట్లో కూర్చుంటాను. నీ సంగతి చెప్పు. ఆరు వారాల నుంచి నీ చేతిని నువ్వే తిట్టుకుంటున్నావు. ఆ పట్టీ ఇప్పు ముందు. చెయ్యి మంచిదే. పాడు చెయ్యి నాది.”

పట్టీ విప్పలేదు. పళ్లెం బల్ల మీద పెట్టి, నీలం డబ్బా ఒకటి బోర్లించుకుని కూర్చుంది.

“నువ్వు చెప్తే వాళ్లు ఎర్రయొక్కటే పారేస్తరనుకుంటున్నవా? ఏరింది నేను గాదని తెలిస్తే పచ్చియి నమ్మరు, పండ్లు నమ్మరు. కాయితం మీద సంతకం నాది. దొంగ సంతకం అంటరు. మిషిన్ ఖరాబని ఎర్రయి తీసేస్తే, కమ్‌సే కమ్ తక్కినయన్న మిగుల్తయి. నాకు దారి కనవడ్తలేదు, నువ్వు మంచిదానివి కావాల్నని నన్ను ముంచుతవా?”

మంచిదాన్ని అనిపించుకోవాలని చెబుతున్నానా అని ఇప్పటికీ ఒక్కోసారి అనుకుంటాను. అప్పుడు మాత్రం నాకు తెలిసింది ఒక్కటే చెప్పాను.

“ఏ సంచుల్లో కలిపానో నాకు తెలుసు.”

“ఎట్ల తెలుసు? రాసినవా?”

“రాయలేదు. చెవి మడిచాను.”

మా కోల్డ్ స్టోరేజీలో మగ్గబెట్టిన కాయ కలిపిన టిక్కీ ఉంటే, మూతి కుట్టేటప్పుడు ఒక చెవి లోపలికి మడిచి కుట్టేవాళ్లం. మేస్త్రి చెప్పింది కాదు, ఆడవాళ్లం మాలో మేం పెట్టుకున్న గుర్తు. రేపు ఎవరైనా వచ్చి మాటంటే ఏ టిక్కీదో తెలియాలి కదా. అదే అలవాటున, కలిపిన ఎర్ర సంచి ప్రతిదానికీ ఒక మూల మడిచి గట్టిగా నొక్కాను. తప్పని తెలియకుండానే తప్పుకి గుర్తు పెట్టుకుంటూ వచ్చానన్నమాట.

“కొన్ని సంచులు పూరాగ పొడిచేసిన గద. పొడికి చెవులుంటయా?” అంది ఆ పిల్ల. లేచి, కోటు తీసి, బ్యాగు తగిలించుకుని, బస్సుకి పోయింది. రోజూ అనే ‘పోయొస్త పెద్దమ్మా’ అనలేదు.

జర్మన్ ఆవిడ ఈ గొడవంతా అలమర అవతల నిలబడి వింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా పళ్లెం సంగతేనని గ్రహించింది. “నిన్ను పంపించేస్తారా?” అని అడిగింది.

“పంపించొచ్చు.”

“పంపిస్తే ఇవన్నీ ఎవరు కడుగుతారు, నేనా?” అంది చిరాగ్గా. తరవాత, నా కోటు అందిస్తూ, “చెప్పేదుంటే మీటింగుకి ముందు చెప్పు. తరవాత చెబితే అది వేరే పని అవుతుంది,” అంది.

ఇంటికెళ్లి మా ఆయనకి చెప్పాను. ఆయన వంటవాడి న్యాయం ఆయన చెప్పాడు. “కూరలో ఉప్పెక్కువైతే బయటికొచ్చి చాటింపేస్తామేంటే? కాసిన్ని నీళ్లు పోసి పంపిస్తాం.”

“నీళ్లు పోస్తే ఉప్పు పలచబడుద్ది, పోదు.”

“తిన్నవాళ్లెవరూ చావలేదు,” అన్నాడు, మోకాలికి నూనె రాసుకుంటూ. దీపం ఆర్పి పడుకున్నాను. ఆ పిల్ల మునిగిపోతానన్న మాట, ఆవిడ ముందే చెప్పమన్న మాట, రెండూ న్యాయంగానే ఉన్నాయి. పొద్దున ఆరింటి బస్సు దిగేటప్పటికి కూడా నేను ఏం చేయబోతున్నానో నాకే తెలియదు. ఇక్కడ నేను నిబ్బరంగా నడిచి వెళ్లానని రాసుకోవచ్చు. అట్లా జరగలేదు.

వెళ్లేసరికి కింది అంతస్తులో చల్లగది లైటు వెలుగుతోంది. ఆ పిల్ల నాకంటే ముందే వచ్చింది. తెల్లటి థర్మకోల్ డబ్బాల్లో ఎర్ర సంచులన్నీ దించి పెట్టింది. పొగలు కక్కుతున్నాయి. మణికట్టుకి పట్టీ లేదు.

“చెవులు సూపియ్యి,” అంది.

గ్లౌజులు వేసుకుని ఒక్కో సంచి మూలా తడిమాను. గడ్డకట్టినా మడత అట్లానే ఉంది. మడిచినవి ఒక పక్క, మడవనివి ఒక పక్క పెట్టాను. ఏరడం పూర్తయ్యాక ఆమె తన నోటుపుస్తకం తెరిచింది. మడవని సంచుల నంబర్ల మీద వేలు పెట్టి ఒక్కోటీ చూసుకుంది. అన్నిట్లోనూ కావలి తక్కువే, ఆమె రావాలన్నట్టే వచ్చింది. కాకపోతే అవి చాలా తక్కువ సంచులు. పొడైపోయిన వాటికి చెవులు చూసే దారే లేదు.

ఏడున్నరకి ప్రొఫెసరమ్మ వచ్చింది. తల మీద సైకిల్ హెల్మెట్ ఇంకా ఉంది. గుమ్మంలో ఆగి, “పొద్దున్నే ఏంటిది?” అంది.

నేను నోరు తెరిచేలోపే ఆ పిల్ల చెప్పేసింది. జర్మన్‌లో, గబగబా. నాకు అర్థమైనవి ‘నేను’, ‘సంతకం’ అన్న రెండు మాటలే. పళ్లెం గురించి ఆమె చెప్పలేదనిపించి, నేను ముందుకొచ్చి నాకొచ్చిన జర్మన్‌లో, “పారేయమంది. పారేయలేదు. నేను,” అన్నాను.

“ఎందుకు?” అంది ప్రొఫెసరమ్మ నాతో.

“మంచి కాయలు,” అన్నాను. అంతకు మించి నాకు ఆ భాషలో రాదు.

ఆవిడ హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టింది. గడియారం చూసింది. లోపలికి వెళ్లి ఒక తెల్ల కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది.

“ఎవరు ఏరారో వాళ్లే రాయాలి,” అంది. “ఏ భాషలోనైనా సరే.”

నిలబడే రాశాను. నాలుగో తరగతి అక్షరాలు, ఒక్కోటీ ఒక్కో సైజు. ఇది రాశాను:

‘ఎండాకాలంలో కాయలు నేను ఏరాను. పారేయమన్న కాయలు పారేయలేదు. గ్లాసుల అలమర పక్కన మగ్గబెట్టాను. ఎర్రబడినవి ఎర్ర సంచుల్లో కలిపాను. కలిపిన సంచికి చెవి మడిచాను. పచ్చివాటిలో, పండువాటిలో ఏమీ కలపలేదు. ఆ అమ్మాయికి చెప్పలేదు. అడిగినా చెప్పలేదు.’

ఆ పిల్ల కాగితం తీసుకుని మొదట తనలో చదువుకుంది. ఆఖరి మాట దగ్గర ఆగి, “గిది రాయకున్నా నడుస్తుండె పెద్దమ్మా,” అంది.

“రాశాను. చదువు.”

జర్మన్‌లో చదివింది. ప్రొఫెసరమ్మ విని, సంచుల కాగితం తీసి, ‘ఏరినవారు’ అన్న గడిలో ఆమె సంతకం కింద నన్నూ సంతకం చేయమంది. చేశాను. నా కాగితాన్ని దాని వెనక పెట్టి పిన్ను కొట్టింది. “ఇక నుంచి కాయలు ముట్టుకోవద్దు,” అంది నాతో. “గ్లాసులు ఎప్పట్లాగే.” ఆ పిల్లతో, “పది గంటలకి,” అని మాత్రం అని మెట్లెక్కి వెళ్లిపోయింది.

నేను నా గదికి వెళ్లాను. జర్మన్ ఆవిడ మొదటి విడత అప్పటికే వేసేసింది. కాఫీ కప్పు నా ముందుకు జరిపింది. రెండో విడత దించుతుండగా పదయింది. మూడో విడత దించుతుండగా పదకొండున్నర అయింది.

ఆ పిల్ల మాసిన గ్లాసుల పళ్లెంతో వచ్చింది.

“ఎరుపు గడి ఖాళీగ వెట్టి సూపిచ్చిన,” అంది. “పచ్చియి, పండ్లు మళ్లొకసారి కొలిచి సూపియ్యమన్నరు. ఎర్రయి మొత్తం కొత్తగ కోసుకొచ్చి చెయ్యాలె. ఫెర్ట్రాగ్ ఒక్క ఎండకాలం దాక పొడిగించిన్రు. సగం జీతం.”

“ఈసారి ఎవరు ఏరతారు?”

“నేనే.”

“డౌటు కొట్టినవి?”

“పారేస్త.”

పళ్లెం బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని అన్నం డబ్బా తెరిచింది. నేను పళ్లెం అందుకుని గ్లాసులు కడగడం మొదలుపెట్టాను.